వాహినీ స్టూడియో: గేయసాహిత్య చరిత్రకు ఒక ఆధారస్థలం
కోడుమూరు మొదలు కడప వరకు సీమ ఊళ్లలో వినిపించిన తెలుగు సినిమా పాటల్లో అధికభాగం చాలాకాలం మద్రాసులోనే ధ్వనిముద్రితమైంది. అక్కడి స్టూడియోల నిర్మాణంలో సీమవారి పాత్ర గణనీయం. వడపళనిలోని వాహినీ స్టూడియో స్థాపకుల్లో మూలా నారాయణస్వామిది తాడిపత్రి, బి.ఎన్. రెడ్డిది పులివెందుల ప్రాంతం. తరువాత దానిని నడిపిన బి. నాగిరెడ్డి బి.ఎన్. సోదరుడే.

బి.ఎన్. రెడ్డి దర్శకత్వంలో 1951లో వచ్చిన 'మల్లీశ్వరి' పాటలు ఈ సందర్భంలో పరిశీలింపదగినవి. రచన దేవులపల్లి కృష్ణశాస్త్రిది, సంగీతం సాలూరి రాజేశ్వరరావుది. వాద్యబృంద నిర్వహణ అద్దేపల్లి రామారావుది. భానుమతి, ఘంటసాల పాడారు. అచ్చులో నిలిచింది కవి పదాలే. ఏ అక్షరం దీర్ఘంగా సాగిందో, ఏ మాట దగ్గర వాద్యం ఆగిందో ముద్రితపాఠం చెప్పదు.

నేడు వాహినీ ప్రాంగణంలో ఆసుపత్రి, వాణిజ్య సముదాయం ఉన్నాయి. చారిత్రక స్టూడియోల సందర్శనకు వెళ్లిన పరిశోధకునికి ఆనాటి ధ్వనిముద్రణశాల కనిపించదు. కనుక ధ్వనిముద్రణనే ఒక పాఠంగా, చిత్రారంభంలోని పేర్లను కర్తృత్వానికి ఆధారంగా స్వీకరించవలసి ఉంది. తాళపత్ర ప్రతుల విషయంలో పరిష్కర్తలు చూపిన శ్రద్ధ ఈ ధ్వనిముద్రణలకూ దక్కినప్పుడే ఆధునిక గేయసాహిత్య చరిత్ర సమగ్రమవుతుంది.