కొలిమి పరీక్షయు కర్మాగార పరీక్షయు

వార్షిక మహాసభా సంచికకు మన వృత్తిచరిత్రమును గూర్చి యొక వ్యాసము వ్రాయుమని కార్యదర్శిగారు కోరిరి. మను మయ త్వష్టృ శిల్పి విశ్వజ్ఞులను గూర్చి పండితులు విరివిగా వ్రాసియున్నారు, చర్వితచర్వణమేల? సారపాక, పాల్వంచ, కొత్తగూడెముల యందలి కర్మాగారములలో మన పిల్లలనేకులు పనిచేయుచున్నారు. అచ్చట 'క్వాలిటీ' యను పేర వారికి గఱపబడు విద్య మనకు క్రొత్తదియా ప్రాతదియా యను ప్రశ్నమే నేడు మనకు విచార్యమని తలచితిని.

నిజామాబాదు జిల్లాలో కమ్మర్‌పల్లి మండలమున కోనసముద్రమను గ్రామము గలదు. అచ్చటి కొలుములలో వండిన ఉక్కు పారసీకదేశమునకు బోయి ఖడ్గరూపము దాల్చెడిది. లాంబ్టనుదొర నడపిన భూమాపనశాఖలో వైద్యుడుగాను భూతత్త్వజ్ఞుడుగాను నుండిన హెన్రీ వాయిసీ ఆ పనిని స్వయముగా జూచి వ్రాసిన వృత్తాంతము, ఆయన 1824లో మరణించిన పిదప, 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారి పత్రికయందు ప్రకటితమయ్యెను. వేర్వేఱు తావుల ఇనుమును మూడింటికి రెండు పాళ్లుగా దూచి, గాజుతోడ మూసలో నుంచి, ఒక అహోరాత్రము తిత్తులూదెడివారు. చల్లారిన మూసను పగులగొట్టగా ఉక్కుబిళ్ల వెలువడును. అది యప్పటికిని పెళుసు. దానికి మట్టి మెత్తి కాల్చి, తీసి చూచి, పెళుసుదనము పోనియెడల మరల కాల్చెడివారు. ఇది యొక్క ఊపున ముగియు పని కాదు. ప్రతి మెట్టునను పరీక్ష, ప్రతి పరీక్ష తరువాతను దిద్దుబాటు.

నాకు మిక్కిలి విస్మయము గొల్పినది వేఱొక సంగతి. ఇస్ఫహాను నగరమునుండి వచ్చిన హాజీ హుసేనను వర్తకుడు ఆ పల్లెయందే కాపురముండి, తూకములను దానే సరిచూచుకొనుచు, ఉక్కు గట్టితనమును దానే పరీక్షించుకొనుచుండెను. సముద్రము దాటి వచ్చిన కొనుగోలుదారు కొలిమియొద్ద గూర్చుండుట యెంత మర్యాద! తమ దేశమున నిట్టి ఉక్కును జేయబూని పారసీకులు కృతార్థులు కాలేకపోయిరనియు వాయిసీ వ్రాసెను.

ఇక రెండవ విధమైన పరీక్ష. సంస్కృతము చదువుకొన్నవాడను గనుక కౌటిల్యుని విడువజాలను. 1909లో శామశాస్త్రిగారు ప్రకటించిన అర్థశాస్త్రము రెండవ అధికరణమున సువర్ణాధ్యక్షుని ప్రకరణము గలదు. పదునాఱు వన్నెల బంగారము, ఒరగల్లుపై గీటు చూచు విధము, మంచి ఒరగల్లు లక్షణము అన్నియు నందున్నవి. ఇంత సూక్ష్మముగా వ్రాసిన గ్రంథకర్త తరువాతి ప్రకరణమున స్వర్ణకారుడు బంగారమును హరించు ఉపాయములైదని లెక్కించెను. అక్షశాలలోనికి వచ్చునపుడును వెడలునపుడును పనివారి వస్త్రములను హస్తములను సోదాచేయవలెననియు విధించెను. ఇది చదివినపుడెల్ల నా మనస్సు చివుక్కుమనును. మనలో దొంగలు లేకుండిరని వాదింపను. కాని పరీక్ష సమస్తమును అధికారిహస్తగతమైనచో, పనివాడు నాణ్యమును గాచువాడు కాడు, అనుమానింపబడువాడగును. ఐరోపాలోను అమెరికాలోను యంత్రశాలలు వెలసిన పిదప చిరకాలము నడచినదియు నీ పద్ధతియే: సరకంతయు దయారైన పిమ్మట తనిఖీదారు వచ్చి చెడ్డవానిని ఏఱివేయుట.

1924లో అమెరికాలో టెలిఫోను పరికరములు చేయు వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థకు వాల్టర్ షూహార్టు ఒక పటమును గీసియిచ్చెను. నడుమ నొక గీత, పైన నొకటి, క్రింద నొకటి. పని జరుగుచుండగనే కొన్నికొన్ని వస్తువులను గొలిచి ఆ పటముపై చుక్కలు పెట్టవలెను. చుక్కలు గీతల నడుమ క్రమము లేక హెచ్చుతగ్గులైన నది సహజము, చేయి పెట్టరాదు. గీత దాటిన, ఏదో ప్రత్యేకకారణము గలదు; పని నిలిపి వెదకవలెను. బడిపంతులకిది తేలికగా దెలియును. ఏడాది చివర పరీక్షలో తప్పిన పిల్లవానిని తప్పెనని ప్రకటించుట తనిఖీ; ఏ మాసమున, ఏ పాఠమున వాడు వెనుకబడెనో కనిపెట్టుట వేఱొక విద్య. నేను మొదటిదే యెక్కువగా చేసితినని యొప్పుకొనుచున్నాను.

షూహార్టు 1947-48లో మన దేశమునకు వచ్చెను. 1931లో మహలనోబిసుగారు కలకత్తాలో స్థాపించిన భారతీయ సాంఖ్యక సంస్థ ఈ విద్యను మన కర్మాగారములకు దెచ్చెను. 1950లో డెమింగు జపానులో దీనినే బోధించెను. ఆ దేశీయులు దానికొక క్రొత్త మలుపు నిచ్చిరి: పటమును ఇంజనీరు చేతినుండి తీసి పనివాని చేతికిచ్చిరి. ఇషికావాగారి ప్రోత్సాహమున 1962లో నచ్చట నాణ్యతా వలయములు, అనగా క్వాలిటీ సర్కిళ్లు, మొదలయ్యెను. ఒకే శాఖలో పనిచేయు ఆఱుగురో పదుగురో స్వచ్ఛందముగా గూడి, వారమున కొక గంట తమ పనిలోని లోపమును దామే విచారించుకొనుటయే ఈ వలయము.

భారతదేశమున నీ వలయములు మొట్టమొదట వెలసినది మన తెలుగునేలపైననే. హైదరాబాదు చెంత రామచంద్రపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్సు కర్మాగారమందు 1980లో ఎస్.ఆర్. ఉడుపగారు వీనిని నెలకొల్పిరి. 1982లో సికింద్రాబాదు కేంద్రముగా క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా యేర్పడెను.

వారు వాడు పనిముట్లలో నొకటి చేపముల్లు పటము. దానిని మన బండిచక్రముతో జెప్పెదను. నా బాల్యమున బూర్గంపాడు సీమలో చక్రమునకు పట్టా వేయుట పండుగవలె నుండెడిది. చక్రపు చుట్టుకొలత కంటె నించుక తక్కువగా ఇనుప పట్టాను జేసి, పిడకల మంటలో నెఱ్ఱగా గాల్చి, పట్టుకారులతో దెచ్చి తొడిగి, నీళ్లు పోసెడివారు. వేసవిలో పట్టా వదులైనచో రైతు కమ్మరిని దిట్టును. కమ్మరి వడ్రంగిని దప్పుపట్టును. వడ్రంగి కఱ్ఱ యమ్మినవానిని జూపును. చేపముల్లు పటములో 'పట్టా వదులగుట' చేప తల. మ్రాను పచ్చిదా, కొలత తప్పినదా, కాక చాలలేదా, చేయి తిరుగనివాడు చేసెనా — ఇవి ముండ్లు. ముగ్గురును ఒకచో గూర్చుండి ఒక్కొక్క ముల్లును పరీక్షింతురు. తిట్టుటకు తావుండదు. ఈ వలయములో నాకు నచ్చిన గుణమిదియే.

మన యెదుటనున్న సారపాకను జూడుడు. గోదావరికి ఈవలి గట్టున భద్రాచలము పేపర్ బోర్డ్సు 1979లో ఉత్పత్తి నారంభించి, 2002లో ఐ.టి.సి.లో లీనమయ్యెను. అట్టకు బరువు, మందము, తేమ యంతటను సమానముగా నుండవలెను. యంత్రమును దిద్దిన మాత్రమున జాలదు. కఱ్ఱయే చెట్టుచెట్టునకు భేదించిన నేమిచేయుదురు? కావున నచ్చటివారు 1989లో చెట్టుకడకే పోయిరి. విత్తనపు మొక్క ఏ రెండును ఒకతీరున నుండవు. మేలైన జామాయిలు చెట్లనేఱి, వాని కొమ్మరెమ్మలకు వేళ్లు దొడిగించి, తల్లిచెట్టు గుణమునే మొక్కలన్నిటికిని దెచ్చిరి. నేడు మన రైతుల చేలగట్ల నున్న క్లోను జామాయిలు ఆ విచారణ ఫలమే. కోనసముద్రమున ఇనుము పాళ్లను గొలిమి కెక్కింపకమునుపే తూచినవారి బుద్ధియు నిట్టిదే గదా.

మఱి మన కొలిమి యేల యాఱెను? సీమ ఉక్కు చౌకగా వచ్చుట మొదలగు కారణములు గలవు, అవి యందఱెఱిగినవే. మన పాలి దోషము నొకదానిని జెప్పెదను, పెద్దలు కోపింపరాదు. మనవారు పరీక్షించిరి గాని వ్రాసిపెట్టలేదు. పాళ్లు తండ్రి నోట నుండెను. కొడుకునకు సైతము కడపటి దినములలో గాని చెప్పెడివారు కారు. కోనసముద్రపు పాళ్లను గాగితమున కెక్కించినవాడు పరదేశి. భద్రాద్రి దేవతలకు జేయించిన పతకములను వానికైన వ్యయముతోడను, కలికితురాయిని గూడ, రామదాసు తన కీర్తనలో వినిపించెను. ఏ మెఱుగున, ఏ పాకమున చేసిరో చేసినవారు వ్రాసిపెట్టినది మనకు దక్కలేదు. షూహార్టు పటమునందు మన తాతలకు లేనిది తెలివి కాదు, వ్రాత.

2010లో బెంగళూరు జాతీయ ఉన్నతాధ్యయన సంస్థవారును ఆంగ్లదేశపు ఎక్సెటరు విశ్వవిద్యాలయమువారును ఉత్తర తెలంగాణపు గ్రామములు దిరిగి ఇనుపచిట్టెపు దిబ్బలను, మూసల ముక్కలను పరిశీలించిరి. మన ఖమ్మము, భద్రాచలము సీమలలో కొలుము, బాడిస, ఒరగల్లు విడువని వృద్ధు లింకను గలరు. కర్మాగారములలో పటములు గీయనేర్చిన మన యువకులు సెలవుదినమున నా వృద్ధులయొద్ద గూర్చుండి, పట్టాకు ఎన్ని వ్రేళ్లు తక్కువ పెట్టుదురో, నీటిలో ముంచుటకు ఏ రంగు వచ్చువఱకు గాతురో, టంకమునకు పాళ్లెన్నియో అడిగి, చెప్పినవారి పేరితో సహా వ్రాసి సంఘ కార్యాలయమునకు బంపుదురేని, వచ్చు సంవత్సరపు సంచికలో వానిని నేనే సంస్కరించి ప్రకటింపజేయుదును.