తెర నల్లబడితే మన హర్ఫులు ఎక్కడికి పోతాయి?

2006 ఆగస్టులో ఉబుంటు వాడేవాళ్ల మీద ఓ ఆఫత్ వచ్చి పడింది. ఆ జూన్ 1న విడుదలైన 6.06 వెర్షన్‌కి మామూలు అప్‌డేట్ ఒకటి వచ్చింది. అందులో తెర మీద బొమ్మ గీసే ఎక్స్ సర్వర్ ప్యాకేజీ ఖరాబై ఉంది. అప్‌డేట్ చేసుకుని కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసిన చాలామందికి డెస్క్‌టాప్ లేదు, మౌస్ బాణం లేదు. నల్లటి తెర, తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు, అంతే. దిద్దిన ప్యాకేజీ తొందరగానే వచ్చింది. కానీ అది దించుకోవాలంటే ఆ నల్లతెర మీదే హుకుం టైప్ చేయాలి. బ్రౌజరే తెరుచుకోనివాడికి ఆ ఖబర్ చేరేదెట్లా?

ఆ మర్జ్ ఇవాళ్టికీ పోలేదు. దాని వేరు 1984లో ఉంది. అమెరికాలోని ఎంఐటీలో బాబ్ షైఫ్లర్, జిమ్ గెటిస్ ఎక్స్ విండో సిస్టం మొదలుపెట్టారు. 1987లో పదకొండో వెర్షన్ వచ్చింది, ఎక్స్11. తెర గీసే పనిని వాళ్లు యంత్రం గుండెలో కలపలేదు, విడిగా నడిచే ఓ ప్రోగ్రాముకి అప్పగించారు. ఇంటి ముందు వసారా వేసినట్టు. వసారా కూలితే లోపలి గదులకేం కాదు, దర్వాజా కనపడదు, అంతే.

90లలో లైనక్స్ మీద ఎక్స్‌ఫ్రీ86 నడిచేది. మానిటర్ ఫ్రీక్వెన్సీలు మనమే చేత్తో రాయాలి, అంకెలు తప్పితే పాత ట్యూబ్ మానిటర్ దెబ్బతినే ఖత్రా. 2004లో లైసెన్సు మీద జగడమై చాలామంది ఎక్స్.ఆర్గ్‌కి మళ్లారు. 2007 అక్టోబరులో ఉబుంటు 7.10 ఓ మంచి పని చేసింది: ఎక్స్ లేవకపోతే కనీసం తక్కువ రంగుల తెర చూపించి, సెట్టింగులు మార్చుకోనిచ్చింది. 2009 నుంచి తెరను సిద్ధం చేసే పని కెర్నల్లోకి వెళ్లింది. చేత్తో రాసే బాధ తగ్గింది గానీ కొత్త ముడి పడింది. ఎన్‌విడియా సొంత డ్రైవర్‌కి కెర్నల్‌తో జోడీ కుదరాలి. అప్‌గ్రేడ్‌లో కెర్నల్ మారి, దానికి తగ్గ డ్రైవర్ తయారుకాకపోతే తెర లేవదు. పైగా 2008లో మొదలైన వేలాండ్ ఒకటి. ఉబుంటు 17.10లో దాన్ని ముందు పెట్టి, 18.04లో వెనక్కి తగ్గి, 21.04లో మళ్లీ తెచ్చారు. ఇన్ని చేతులు మారిన చీజ్ అప్పుడప్పుడు జారిపడదా?

మా బెజవాడ వన్‌టౌన్‌లో ఒక దోస్త్‌కి డీటీపీ దుకాణం ఉంది. 2014 ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పీకి సపోర్ట్ ఆగిపోయాక పాత మిషన్‌ను లైనక్స్‌కి మార్చాడు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు ఎంతమంది బీరువాల్లో నికానామాలు, దస్తావేజులు నాని ముద్దయ్యాయో ఈ ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు. మిగిలినవి ఆరబెట్టుకుని అతని దగ్గరే స్కాన్ చేయించుకున్నారు కొందరు. ఫైళ్ల పేర్లు తెలుగులో కొన్ని, ఉర్దూలో కొన్ని. తర్వాత ఓ రోజు అప్‌గ్రేడ్ సగంలో ఉండగా కరెంటు పోయింది. తిరిగి ఆన్ చేస్తే నల్లతెర. మెకానిక్ వచ్చి ఫోల్డర్ జాబితా తెప్పించాడు. పేర్ల స్థానంలో వరసగా గళ్లు. "ఫైళ్లు ఖరాబైనాయి భాయ్, ఫార్మాట్ కొట్టేద్దాం" అన్నాడు.

అసలు గొడవంతా ఇక్కడే. లైనక్స్ నల్లతెరకి ఒకసారికి 512 ఆకారాలకి మించి తెలియవు. ఇంగ్లీషుకి అవి చాలా ఎక్కువ. మనకో? గుణింతాలు, వత్తులు కలిపి కూర్చడం దానికి రాదు. ఉర్దూ హర్ఫుల్ని ఒకదానికొకటి అంటించడమూ రాదు. ఆ కూర్పు గ్రాఫికల్ డెస్క్‌టాప్‌లో జరుగుతుంది. అక్కడ ఆ పని ఎక్కువగా చేసే ప్రోగ్రాం పేరు హార్ఫ్‌బజ్. ఇంగ్లీషు మాట కాదది, మన ఫార్సీ 'హర్ఫ్ బాజ్'. ఓపెన్‌టైప్‌కి తర్జుమా. తయారుచేసిన బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్ ఇరాన్‌లో పుట్టినవాడు. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు ఖుషీ. అంటే డెస్క్‌టాప్ పడిపోతే ఇంగ్లీషువాడికి నిలబడటానికి కాస్త నేల ఉంటుంది. తెలుగువాడికీ ఉర్దూవాడికీ అదీ ఉండదు. గళ్లు కనపడినంత మాత్రాన ఫైళ్లు పోయినట్టు కాదు. వాటిని చూపించేవాడు పడుకున్నాడు, అంతే.

అందుకే ఫార్మాట్ మాట ఎత్తకముందే పెన్‌డ్రైవ్‌లో లైవ్ లైనక్స్‌తో బూట్ చేయమన్నాను. అది తన డెస్క్‌టాప్‌ని తనే తెచ్చుకుంటుంది, లోపలి డిస్క్ ముట్టుకోదు. ఎన్‌క్రిప్షన్ ఉంటే పాస్‌వర్డ్ కావాలి, అతనికి లేదు. ఫోల్డర్ తెరవగానే తెలుగు పేర్లు, ఉర్దూ పేర్లు సాఫ్‌గా కనపడ్డాయి. ముందు అన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకున్నాడు.

ఆ తర్వాతే మరమ్మతు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే లాగిన్ అడిగే తెర వస్తుంది. డిస్క్ నిండిందేమో చూడాలి, నిండితే డెస్క్‌టాప్ లేవదు. సగంలో ఆగిన ప్యాకేజీల్ని పూర్తిచేయించాలి. అప్పటికీ లేవకపోతే బూట్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్లి పాత కెర్నల్ ఎంచుకోవాలి, అప్‌గ్రేడ్ సాధారణంగా దాన్ని వెంటనే తీసేయదు. వేలాండ్ మీద అనుమానం ఉంటే లాగిన్ దగ్గర ఎక్స్ సెషన్ ఎంచుకునే వీలుండేది, 25.10లో గ్నోమ్‌కి ఆ దారి మూసేశారు. దోస్త్ మిషన్ పాత కెర్నల్‌తో లేచింది. డ్రైవర్ తీసి మళ్లీ వేశాక కొత్తదాంతోనూ లేచింది. ఇప్పుడు అప్‌గ్రేడ్ చేసే రోజు ఇన్వర్టర్ బ్యాటరీ చూసుకుంటున్నాడు.