ఆ కొద్ది నెలల ఆట: బోస్టన్ 1948

ఇవాళ్టి కథ అమెరికాలో, బోస్టన్‌లో జరిగింది. కానీ అందులో మన భీమవరం మనిషి ఒకాయన ఉన్నారు.

1940ల్లో పిల్లలకి లుకేమియా, అంటే రక్త క్యాన్సర్ వస్తే డాక్టర్ల దగ్గర పనిచేసే మందే లేదు. రక్తం ఎక్కించేవాళ్లు, నొప్పి తగ్గించేవాళ్లు. వారాల్లోనో నెలల్లోనో బిడ్డ పోయేది. బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పాథాలజిస్ట్ ఉండేవారు. చనిపోయిన పిల్లల శరీరాల్ని పరీక్షించడం ఆయన పనిలో భాగం. బతికుండగా ఏం చేయలేమా అన్నది ఆయన్ని వదల్లేదు.

ఫోలిక్ యాసిడ్ ఇస్తే లుకేమియా ఇంకా వేగంగా పెరుగుతున్నట్టు ఆయనకి కనిపించింది. ఇక్కడ లాజిక్ చూడండి. ఏది ఇస్తే జబ్బు పరిగెడుతోందో, దాన్ని అడ్డుకుంటే? ఫోలిక్ యాసిడ్‌లాగే కనిపిస్తూ, కణానికి మాత్రం ఉపయోగపడని నకిలీ పదార్థం కావాలి. అలాంటివి తయారుచేస్తున్నది లెడర్లే కంపెనీలో మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం. వాటిలో అమినోప్టెరిన్ అనేదాన్ని 1947 చివర్లో ఫార్బర్ పిల్లలకి ఇవ్వడం మొదలుపెట్టారు.

తోటి డాక్టర్లలో చాలామందికి ఇది నచ్చలేదు. పోయే పిల్లల్ని ప్రశాంతంగా పోనివ్వకుండా ఈ ప్రయోగాలేంటి అన్నారు. నిజం చెప్పాలంటే, ఆ ప్రశ్నని కొట్టిపారేయలేం. విషం లాంటి మందు అది. కానీ 1948 జూన్‌లో వచ్చిన పేపర్ ప్రకారం, 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. మంచం దిగలేని పిల్లల్లో కొందరు లేచి తిరిగారు, ఆడుకున్నారు. కొన్ని నెలలే. తర్వాత జబ్బు తిరగబెట్టింది. "తాత్కాలికం" అని ఫార్బర్ కూడా దాచకుండా రాశారు. ఆ నెలల్ని మనం గ్రాఫ్‌లో చిన్న గీతగా చూస్తాం. ఆ ఇంట్లో వాళ్లకి మాత్రం బిడ్డ మళ్లీ అన్నం అడగడం, తోబుట్టువుతో కొట్లాడటం. దాన్ని తక్కువ అనగలమా?

అదే ఏడాది మే 22న ఇంకో సంగతి జరిగింది. ఫార్బర్ దగ్గర మెయిన్ రాష్ట్రం నుంచి వచ్చిన 12 ఏళ్ల కుర్రాడు ఉన్నాడు, పేరు ఐనార్ గుస్టాఫ్‌సన్. అతనిది లుకేమియా కాదు, పేగుల్లో లింఫోమా. ఒక రేడియో షో అతనికి "జిమ్మీ" అని మారుపేరు పెట్టి, ఫోన్లో మాట్లాడించింది. ఇష్టమైన ఆటగాళ్లెవరని అడుగుతుంటే, బోస్టన్ బ్రేవ్స్ బేస్‌బాల్ ఆటగాళ్లు నిజంగానే గదిలోకి వచ్చేశారు! పిల్లాడితో కలిసి పాట కూడా పాడారు. మ్యాచ్‌లు చూడ్డానికి అతనికి టీవీ కావాలి. 20,000 డాలర్లు పోగైతే టీవీ ఇస్తామన్నారు. 2,31,000కి పైగా వచ్చాయి.

లైన్ కట్ చేశాకే హోస్ట్ శ్రోతలకి చెప్పాడు: తనకున్నది క్యాన్సర్ అని ఈ పిల్లాడికి తెలీదు. నాకైతే ఆ ముక్క దగ్గర కొంచెం ఇబ్బందిగా ఉంటుంది.

సుబ్బారావు గారు ఆ ఆగస్టులోనే, 53 ఏళ్లకే కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కి దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ పిల్లల లుకేమియా చికిత్సలో ఉంది. జిమ్మీ చనిపోయి ఉంటాడనే చాలామంది అనుకున్నారు. ఆయన మాత్రం పెద్దయ్యి, లారీ నడిపి, ముగ్గురు ఆడపిల్లల తండ్రయ్యి, 1998లో "ఆ జిమ్మీని నేనే" అని జనం ముందుకొచ్చారు.