యువకవులకై వెలసిన పురాణము

ఐరోపాకు వాయవ్యమున, మంచును అగ్నిపర్వతములును కలిసియున్న ఐస్‌లాండు ద్వీపమున, 1220 ప్రాంతమున స్నోరి స్టుర్లుసన్ అను పండితుడు ‘ఎడ్డా’ అను గ్రంథమును రచించెను. మన తిక్కన సోమయాజి జీవించిన శతాబ్దియే అది. ఓడిన్, థోర్, లోకి మొదలగు ఉత్తరదేశ దేవతల కథలలో నేడు లోకమునకు తెలిసినవి పెక్కు ఈ గ్రంథమువలననే నిలిచినవి.

దీని పుట్టుక విచిత్రమైనది. ఐస్‌లాండు ప్రజలు 1000వ సంవత్సర ప్రాంతముననే క్రైస్తవమును స్వీకరించిరి. స్నోరియు క్రైస్తవుడే. పాత దేవతలను నమ్మవలదనియే ఆయన యువకవులకు చెప్పెను. కాని వారి కథలను మరువవలదనెను. ఏలన, ఆ దేశపు కవిత్వమంతయు ఆ కథలతో అల్లుకొనియున్నది. కవి బంగారమును బంగారమనక ‘సిఫ్ కేశములు’ అనును. కథ తెలియనివానికి ఇది విప్పరాని పొడుపుకథయే.

సిఫ్ థోరుని భార్య. దుష్టుడనుటకన్న కొంటెవాడనదగిన లోకి ఒకనాడు ఆమె జుట్టంతయు కత్తిరించెను. థోరుడు వానిని పట్టుకొని, ఎముక లన్నియు విరుగగొట్టెద ననెను. లోకి హడలిపోయి, మరుగుజ్జు పనివాండ్రచే బంగారు జుట్టు చేయించి తెచ్చెను. తలపై నుంచగనే అది వేళ్ళూని, నిజమైన జుట్టువలె పెరుగజొచ్చెను!

కథలు చెప్పు తీరు మన పురాణముల ఫక్కియే. గిల్ఫి అను రాజు మారువేషమున దేవతల కడకు పోయి ప్రశ్నించును. ముగ్గురు సమాధానము చెప్పుదురు. నైమిశారణ్యమున శౌనకాదు లడుగ సూతుడు చెప్పుట తలపునకు రాకపోదు. సృష్టి మొదలు ప్రళయమువరకు, ఆ పిమ్మట సముద్రమునుండి పచ్చని భూమి మరల పైకి లేచువరకు, ఆ ప్రశ్నలు సాగును.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి బిలాసపురమున స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఇది మరీ దూరపు సంగతి కాదు. మన రైల్వే కాలనీ పిల్లలు ‘కుంభకర్ణ నిద్ర’ అన్న గ్రహింతురు. అది హిందీలోను ఉన్నది. ‘మాయల ఫకీరు ప్రాణము చిలుకలో నున్నట్లు’ అన్నచో తెల్లమొగము వేయుదురు. బాలనాగమ్మ కథ చెప్పినవా రెవ్వరు? ‘బొబ్బిలి పౌరుషము’ అను మాటయు నంతే. సెలవులకు స్వగ్రామము పోవుచు, 1931లో పూర్తియైన రాయపురము–విజయనగరము మార్గమున బొబ్బిలి స్టేషను దాటుదురు. 1757 నాటి యుద్ధమును చెప్పుటకు బండి అచ్చట ఆగునంతసేపు చాలదు. రాయగడలోనే మొదలుపెట్టినచో, బొబ్బిలి వచ్చువేళకు తాండ్ర పాపారాయుడు విజయరామరాజు గుడారములో నుండును.