ఫ్యాక్స్ కాగితం, చిత్ర ఫైలు: చరిత్ర విద్యార్థి ముందున్న కొత్త ఆధారాలు

వాడరేవు నుంచి తీరం వెంబడి దక్షిణంగా వెళితే మోటుపల్లి వస్తుంది. అక్కడి శాసనం గురించి కాకతీయుల పాఠంలో మీరు చదివే ఉంటారు. క్రీ.శ. 1244లో గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయమిస్తూ దానిని వేయించాడు. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారనీ, తాను నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోననీ అందులో చెప్పాడు. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకం ముప్పయ్యింట ఒక వంతు. గంధం, కర్పూరం, పట్టు, మిరియాలు మొదలైన సరుకుల పేర్లు కూడా ఉన్నాయి.

ఇదే ప్రాంతపు వర్తకం 1990లలో ఎలా సాగిందని ఎవరైనా అడిగితే ఆధారం చూపడం ఇంకా కష్టం. ఆ రోజుల్లో గుంటూరు, చీరాల బజార్లలో ఎస్‌టీడీ, జిరాక్స్ బోర్డుల పక్కనే 'ఫ్యాక్స్' అనే మాట కూడా కనిపించేది. పత్తి, మిర్చి, పొగాకు వ్యాపారులు ధరలు, ఒప్పందాలు, బ్యాంకు పత్రాలు ఆ యంత్రం మీదే పంపుకున్నారు. కానీ అప్పటి ఫ్యాక్స్ యంత్రాలలో చాలావాటికి సిరా లేదు. పూత పూసిన కాగితానికి వేడి తగిలినచోట నలుపు తేలేది. ఎండకు, వేడికి ఆ అక్షరాలు కొన్నేళ్లలోనే వెలిసిపోతాయి. ఏడువందల ఏళ్లనాటి సుంకం రేటు మనకు తెలుసు. ముప్పై ఏళ్లనాటి ఒప్పందం మాత్రం తెల్లకాగితమైపోయింది.

ఫ్యాక్స్ కొత్త ఆలోచనేమీ కాదు. స్కాట్లండ్‌కు చెందిన అలెగ్జాండర్ బెయిన్ 1843లోనే తీగల మీద బొమ్మను పంపే పరికరానికి పేటెంటు పొందాడు. అప్పటికి టెలిఫోనే పుట్టలేదు. మన దక్షిణాదిలో ది హిందూ పత్రిక 1969లో పేజీలను ఇదే తరహా పద్ధతిలో పంపడం మొదలుపెట్టింది. అయితే ఒక దేశపు యంత్రం మరొక దేశపు యంత్రంతో మాట్లాడాలంటే ఉమ్మడి ప్రమాణం కావాలి. అది 1980లో 'గ్రూప్ 3' పేరుతో వచ్చింది.

ఈ ప్రమాణంలోని కిటుకును మీరు తెలుసుకోవాలి. ఒక వరుసకు 1728 చుక్కల చొప్పున, ఏ4 పేజీలో సాధారణ స్థాయిలో దాదాపు 20 లక్షల చుక్కలుంటాయి. సెకనుకు 9600 బిట్ల వేగంతో ఒక్కొక్క చుక్కనూ పంపితే మూడున్నర నిమిషాలు పడుతుంది. ట్రంకు కాల్ బిల్లు చూసినవారికి ఆ మూడున్నర నిమిషాల విలువ తెలుసు. కానీ ఉత్తరంలో ఎక్కువ భాగం తెలుపే కదా. అందుకని 'వరుసగా 300 తెల్లవి, తరువాత 5 నల్లవి' అని లెక్క మాత్రమే పంపుతారు. తరచుగా వచ్చే లెక్కలకు పొట్టి సంకేతాలు ఇస్తారు. డేవిడ్ హఫ్‌మన్ 1952లో ప్రచురించిన పద్ధతే దీనికి ఆధారం. దీనినే మరింత బిగించి 1984లో 'గ్రూప్ 4' తయారుచేశారు.

1986లో ఆల్డస్ అనే సంస్థ టిఫ్ అనే చిత్ర ఫైలు రూపాన్ని ప్రకటించింది. ఫ్యాక్స్ సంకేతాలను కూడా అందులో దాచుకోవచ్చు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో బొమ్మలను చూపే ప్రోగ్రాం పేరు 'విండోస్ పిక్చర్ అండ్ ఫ్యాక్స్ వ్యూయర్'. ఇంట్లో దిగిన ఫోటోకూ, కంప్యూటర్‌కు వచ్చిన ఫ్యాక్సుకూ ఒకటే కిటికీ ఎందుకని చాలామంది అనుకుని ఉంటారు. వచ్చిన ఫ్యాక్సును ఎక్స్‌పీ టిఫ్ ఫైలుగానే దాచేది, అంతే.

ఇక చరిత్ర విద్యార్థిగా మీకు నేరుగా సంబంధించిన విషయం. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రాజ్ రెడ్డి పది లక్షల పుస్తకాలను స్కాన్ చేయించాలని సంకల్పించారు. దాని భారతీయ శాఖే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వంటి కేంద్రాలలో వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. ప్రతి పేజీ అంగుళానికి 600 చుక్కలతో, నలుపు తెలుపుల్లో, గ్రూప్ 4 టిఫ్ ఫైలుగా మారింది. ఏ4 పరిమాణంలో విప్పితే నాలుగు మెగాబైట్లు దాటే పేజీ అందులో చిన్న ఫైలుగా ఇమిడిపోతుంది. ఫ్యాక్స్ బిల్లు తగ్గించడానికి పుట్టిన కిటుకు తెలుగు గ్రంథాలయాన్ని మోసిందన్నమాట.

లాభం ఎంతో, నష్టమూ ఉంది. బూడిద రంగు ఛాయలు లేకపోవడంతో ఫోటోలు సిరా మరకలయ్యాయి. పాత అచ్చులో సన్నగా పడిన వత్తులు, తలకట్లు కొన్నిచోట్ల తెగిపోయాయి. శాసనం మీద కాగితం పరిచి సిరాతో తీసే నకలులోనూ ఇలాంటి ఇబ్బందే ఉంటుంది. గీత అక్షరమో, రాతి పగులో పోల్చుకోవడం కష్టం. అనుమానం వస్తే అసలు పుస్తకం చూడాలి. ఈ ప్రాంతం వారికి వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం దగ్గరలోనే ఉంది.

ఫైళ్ల నిర్వహణలో రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఒక టిఫ్ ఫైలులో అనేక పేజీలు ఉండవచ్చు. కొన్ని ప్రోగ్రాములు మొదటి పేజీనే చూపిస్తాయి. పన్నెండు పేజీల పత్రాన్ని ఒక పేజీ అనుకుని వ్యాసం రాస్తే ఏమవుతుందో ఊహించండి. రెండవది, చోటు కలిసొస్తుందని టిఫ్‌ను జేపెగ్‌గా మార్చి అసలును చెరిపేయకండి. జేపెగ్ ఫోటోలకు మంచిది. అచ్చు అక్షరాల అంచుల్ని అది మసకబారుస్తుంది. పైగా నలుపు తెలుపు పేజీ జేపెగ్‌లో చాలాసార్లు ఇంకా పెద్దదవుతుంది.

డిజిటల్ లైబ్రరీ స్థలం తరువాత మూతపడింది. అందులోని పుస్తకాలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరాయి. వాటితోపాటు, తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వారు టైపు చేసిన వివరాలు కూడా చేరాయి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన 1921లో ఊరొదిలి రామనగర్‌లో కాపురాలు పెట్టిన చీరాల పేరాల ప్రజల గురించి వెతుకుతున్నారనుకోండి. చీరాలను దీర్ఘంతో, దీర్ఘం లేకుండా, గోపాలకృష్ణయ్యను ఒక మాటగా, రెండు మాటలుగా విడివిడిగా వెతకండి. దొరికిన ఫైలు పేరు మార్చేటప్పుడు పుస్తకం పేరు, ముద్రణ సంవత్సరంతోపాటు దాని పాత సంఖ్యను కూడా చివర ఉంచండి. ఆ సంఖ్య ఉంటేనే మీ పాదసూచిక చదివిన మరొకరు అదే ప్రతిని మళ్లీ వెతికి పట్టుకోగలరు.