రెండో ఏట మొదటి రోజు

సామర్లకోటలో దిగేసరికి తెల్లవారుతోంది. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో రాత్రి ఎక్కిన రైలు నిన్నూ, నీ బ్యాగునూ, అమ్మ మూట కట్టిన జంతికల డబ్బానూ ప్లాట్‌ఫారం మీద దింపేసి విజయవాడ వైపు వెళ్ళిపోయింది. బయట ఆటో అతను బ్యాగు అందుకుంటాడు.

"కాకినాడేనాండీ?"

"జేఎన్‌టీయూ కాడ దింపుతారేటండీ?"

"నాగమల్లితోట జంక్షనే కదండీ, దింపేస్తానండి. ఎక్కండమ్మా, ఆయ్!"

ఆ "ఆయ్" చెవిన పడ్డాక తెలుస్తుంది, నీ ఊరి మాట వెనక ఉండిపోయిందని. "ఏటి" అనకూడదు, "ఏంటి" అనాలి అని ఆటోలో కూర్చుని లోలోపల రెండుసార్లు అనుకుంటావు.

గేటు దగ్గర నిలబడి ఫోన్లో అలాట్‌మెంట్ ఆర్డరు మళ్ళీ ఒకసారి చూసుకుంటావు. ఈఈఈ, సెకండియర్. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరావు. మూడేళ్ళ డిప్లొమా చేశావు. ఈసెట్‌లో 200 మార్కుల పేపరు రాశావు. అందులో సగం నీ బ్రాంచిదే, మిగతా సగం లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ. ర్యాంకు వచ్చింది, సీటొచ్చింది. ఇప్పుడు నేరుగా బీటెక్ రెండో ఏట అడుగు పెడుతున్నావు. ఈ దారిన వచ్చేవాళ్ళను క్యాంపస్‌లో "లేటరల్స్" అంటారు.

క్లాసులు మొదలై అప్పటికే కొన్ని వారాలైంది. గది తలుపు దగ్గర నిలబడి "మే ఐ కమిన్ మేడమ్" అనగానే అరవై తలకాయలు నీ వైపు తిరుగుతాయి. వాళ్ళకు నిరుడే స్నేహాలు కుదిరిపోయాయి. ఎవరి బెంచీ వాళ్ళది, ఎవరి పక్కన ఎవరో ఖాయం. చివరి వరుసలో గోడవైపు ఒక్క చోటు ఖాళీగా ఉంది. అదే నీది.

హాజరు మొదలవుతుంది. అందరి రోల్ నంబర్లూ 23తో మొదలు, మధ్యలో "1ఎ". అందరివీ అయ్యాక, మేడమ్ కాగితం అడుగుకు వచ్చాక, 24తో మొదలయ్యే నంబరు ఒకటి వినిపిస్తుంది. మధ్యలో "5ఎ". అది చాలు, నువ్వెవరో క్లాసంతటికీ తెలిసిపోతుంది. ఒక ఏడు వెనకపడ్డట్టు నీ నంబరే చెబుతున్నట్టుంటుంది. "ప్రెజెంట్ మేడమ్" అన్న గొంతు నీకే వినపడదు.

బోర్డు మీద కాంప్లెక్స్ వేరియబుల్స్ నడుస్తోంది. కోషీ-రీమన్ (సీఆర్) సమీకరణాలు. "ఇది ఫస్టియర్‌లో చూశారు కదా" అంటూ మేడమ్ రెండు మెట్లు దాటేస్తారు. నువ్వు చూడలేదు. పాలిటెక్నిక్‌లో లెక్కలున్నాయి, కానీ అక్కడ సారు ఇంగ్లీషులో రాసి తెలుగులో విప్పి చెప్పేవారు. ఇక్కడ రాతా ఇంగ్లీషే, మాటా ఇంగ్లీషే. బోర్డు మీదున్నదంతా నోట్సులోకి ఎక్కించుకుంటావు, బుర్రలోకి మాత్రం ఎక్కదు. చెయ్యెత్తి అడగాలనిపిస్తుంది. ఎత్తవు.

రాత్రి మెస్‌లో గోంగూర పచ్చడి వేసుకుని ఒక చివర కూర్చుంటావు. ఫోన్ మోగుతుంది. "ఏటి తిన్నావమ్మా? ఎవరైనా కలిసినారా?" అని అమ్మ అడుగుతుంది. "అందరూ మంచోళ్ళే అమ్మా" అంటావు. పేరు తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. ఫోన్ పెట్టేశాక అన్నం ముద్ద గొంతు దిగడానికి కాస్త సమయం పడుతుంది.

మూడో రోజు మధ్యాహ్నం, మెషీన్స్ ల్యాబ్.

డీసీ షంట్ మోటారు మీద బ్రేక్ టెస్ట్. బ్యాచ్‌కి ఐదుగురు. మిగతా నలుగురూ రికార్డులో బొమ్మ చూసుకుంటూ వైర్లు కలుపుతున్నారు. గ్రీజు, వేడెక్కిన ఇన్సులేషన్ కలిసిన వాసన ముక్కుకు తగలగానే నీ భుజాలు వాటంతటవే తేలికపడతాయి. ఈ వాసన నీకు తెలుసు. మూడేళ్ళు దీనిలోనే పెరిగావు.

స్టార్టర్ మీద మూడు టెర్మినళ్ళు: ఎల్, ఎఫ్, ఏ. నీ కన్ను నేరుగా ఎఫ్ దగ్గరికి వెళుతుంది. వైరు తొడిగారు కానీ మర బిగించలేదు. "ఒక్క నిమిషం, స్విచ్ వెయ్యకండి" అంటావు. ఈ మూడు రోజుల్లో నీ గొంతు గట్టిగా పలికింది ఇదే మొదటిసారి. వైరు వేలితో లాగితే ఊడి వస్తుంది. ఫీల్డ్ అందకుండా షంట్ మోటారును నడపబోతే ఆర్మేచర్‌లోకి కరెంటు ముంచెత్తుతుంది, బరువు లేకపోతే వేగం చెయ్యి దాటిపోతుంది. మర బిగిస్తావు. డ్రమ్ము మీద బెల్టు వదులుగా ఉందో లేదో చూస్తావు. మేడమ్ కనెక్షన్లు సరిచూసి తలూపుతారు.

హ్యాండిల్ పట్టుకుంటావు. ఒక్కో మెట్టూ ఆగి ఆగి జరుపుతావు, తొందరపడవు. మోటారు మూలిగి, కదిలి, కూత అందుకుంటుంది. చివరి మెట్టు దగ్గర కాయిల్ హ్యాండిల్‌ను "టక్"మని పట్టేస్తుంది. బెల్టు బిగిస్తుంటే స్ప్రింగ్ బ్యాలెన్సుల ముళ్ళు కదులుతాయి. డ్రమ్ము వేడెక్కుతోందని మగ్గుతో నీళ్ళు నువ్వే పోస్తావు.

"ఎక్కడ నేర్చుకున్నావే ఇదంతా?" పక్కనున్న అమ్మాయి కళ్ళు పెద్దవి చేసి అడుగుతుంది.

"పాలిటెక్నిక్‌లో."

"మేం బొమ్మలోనే చూశాం, చెయ్యి పెట్టడం ఇవాళే."

అడగాల్సిన క్షణం ఇదే. అడిగేస్తావు. "నాకు ఆ సీఆర్ ఈక్వేషన్లు అర్థం కాలేదు. చెప్తావా?"

సాయంత్రం హాస్టల్ వరండాలో జంతికల డబ్బా మధ్యలో పెట్టుకుని కూర్చుంటారు. ఆ అమ్మాయి కాగితం మీద ఒక చుక్క పెడుతుంది. చుక్క వైపు అడ్డంగా ఒక బాణం గీస్తుంది, నిలువుగా ఇంకొకటి. "ఇలా వచ్చినా, అలా వచ్చినా డెరివేటివ్ ఒకటే రావాలి. ఆ రెండింటినీ సమానం చేస్తే వచ్చేవే ఈ ఈక్వేషన్లు. అంతే." చుక్కనే చూస్తూ ఉండిపోతావు. ఏ దిక్కు నుంచి వచ్చినా అదే విలువ. "ఏటీ, ఇంతేనా!" అని నోరు జారుతుంది. "ఏటీ" అని ఆ అమ్మాయీ అంటుంది, ఇద్దరూ నవ్వుతారు.

నువ్వు నడుస్తున్న ఈ క్యాంపస్ కూడా ఒకప్పుడు ఇంకో ఊరి పేరుతో ఉన్నదే. 1946లో విశాఖపట్నం ఇంజినీరింగ్ కాలేజీగా పుట్టి కాకినాడలో స్థిరపడింది. 1972లో జేఎన్‌టీయూలో చేరింది, 2008లో తానే యూనివర్సిటీ అయింది.

ఈసెట్ రాసి ఏ కాలేజీ రెండో ఏడులోనైనా కొత్తగా కూర్చున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఒక చిన్న లెక్క వెయ్యండి. పది తర్వాత మీ క్లాసులో మిగతావాళ్ళకు ఇంటర్ రెండేళ్ళు, ఫస్టియర్ ఒక ఏడు. మీకు డిప్లొమా మూడేళ్ళు. ఇద్దరిదీ మూడే. తెలియనిది మొదటి వారంలోనే అడగండి. మీ చేతికి వచ్చింది పక్కవాళ్ళకు నేర్పండి. 23తో మొదలయ్యే నంబరుకైనా, 24తో మొదలయ్యే నంబరుకైనా చదువు పూర్తయ్యే ఏడు ఒకటే, 2027.