మన ఆఫీసు జీపు - దాని స్పార్క్ ప్లగ్గు కథ

మన రాష్ట్రంలో గ్రామాభివృద్ధి చరిత్ర రాసేవారు పథకాల పేర్లు, అధికారుల పేర్లు రాస్తారు. జీపు పేరు ఎక్కడో ఒకచోట వస్తుంది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైనప్పుడు గానీ, 1959లో పంచాయతీ సమితులు ఏర్పడినప్పుడు గానీ, బస్సు వెళ్ళని ఊళ్ళకు ప్రభుత్వాన్ని మోసుకువెళ్ళింది ఆ పెట్రోలు జీపే. దాన్ని నడిపించిన బొటనవేలంత స్పార్క్ ప్లగ్గు గురించి, ఆ ప్లగ్గు గుణం ఎరిగిన డ్రైవరు గురించి ఎవరూ రాయలేదు.

1902లో జర్మనీలోని బాష్ సంస్థలో గాట్‌లోబ్ హొనోల్డ్ అనే ఇంజనీరు హైవోల్టేజి మాగ్నెటోతోపాటు ప్లగ్గును రూపొందించాక మోటారు బండికి నమ్మకమైన నిప్పురవ్వ దొరికింది. 1941లో యుద్ధం కోసం విల్లీస్ జీపు అమెరికాలోని టొలీడో నగరంలో తయారైంది. ఛాంపియన్ ప్లగ్గుల కంపెనీ కూడా ఆ ఊరిదే. 14 మిల్లీమీటర్ల మర, 30 థౌ, అంటే ముప్పాతిక మిల్లీమీటరు, గ్యాపు ఆ బండికి నిర్ణయించిన కొలతలు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలోనే మహీంద్రా సంస్థ బొంబాయిలో జీపులు బిగించడం ప్రారంభించింది. తరువాత హరికేన్ ఇంజను ఉన్న సి.జె. 3బి వచ్చినా ఆ మర, ఆ గ్యాపు మారలేదు. 1951లో బెంగుళూరులో స్థాపించిన మైకో సంస్థ ప్లగ్గులను మన దేశంలోనే తయారుచేసింది.

మన జీపు పని వేరు. ఇసుక వాగులో ఫోర్‌వీల్ వేసి చిన్న గేరులో ఈడ్చడం, రచ్చబండ దగ్గర ఇంజను ఆపకుండా నిలబెట్టడం. ప్లగ్గు ముక్కు సుమారు 450 డిగ్రీల సెంటీగ్రేడు వేడెక్కితేనే దాని మసి దానంతట అదే కాలిపోతుంది. నెమ్మది ప్రయాణంలో ఆ వేడి రాదు. మసి పేరుకుంటుంది, ఒక సిలిండరు కొట్టడం మానేస్తుంది, బండి కుంటుతుంది. అటువంటి బండికి కొంచెం 'వేడి' రకం ప్లగ్గు, అంటే పింగాణీ ముక్కు పొడవుగా ఉండి వేడిని నిలుపుకొనేది, మేలు. అదే బండి ఎండాకాలంలో ట్రైలరు లాగుతూ హైవే మీద పరుగెత్తితే ఆ ప్లగ్గు మితిమీరి కాగి ఇంజనుకు చేటు తెస్తుంది.

నంబర్లు చూసి మోసపోకూడదు. ఛాంపియన్‌లో పెద్ద నంబరు వేడి ప్లగ్గు. పాత మైకోలో పెద్ద నంబరు చల్లని ప్లగ్గు. తరువాత వచ్చిన నంబర్లలో అదే తిరగబడింది. మర పొడవూ చూడాలి. ఈ ఇంజన్లకు పొట్టి మరే తగినది. పొడవు మర బిగిస్తే లోపల వాల్వుకో పిస్టనుకో తగలవచ్చు.

బిగించే పద్ధతి కూడా చెప్పుకోదగినది. ఇంజను చల్లారాక, ప్లగ్గు చుట్టూ దుమ్ము ఊదేసి తీయాలి. లేకపోతే అది సిలిండరులో పడుతుంది. గ్యాపు సరిచేయడానికి పక్క ఎలక్ట్రోడునే వంచాలి, మధ్యదాన్ని ముట్టుకోరాదు. మొదటి చుట్లు చేతితోనే ఎక్కించాలి. కొత్త వాషరు ఆనిన తరువాత పానాతో పావు చుట్టు నుంచి అర చుట్టు చాలు. వైర్లు 1-3-4-2 వరసలో పెట్టాలి.

పాత ప్లగ్గు రంగు చూసే డ్రైవరు రోగం చెప్పేవాడు. బిస్కెట్ రంగు ఆరోగ్యం, పొడి మసి పెట్రోలు ఎక్కువ కావడం, జిడ్డు నలుపు రింగులు అరగడం, సున్నపు తెలుపు అతివేడి. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే వచ్చాక ఆ రంగులు అంత స్పష్టంగా కనబడవు.

లాగ్ బుక్కులలో మైళ్ళు, పెట్రోలు, కాంపు వివరాలు మిగిలాయి. ఏ వాగులో ఏ ప్లగ్గు పనిచేసిందో ఏ కాలమ్‌లోనూ లేదు. ఆ విద్య డ్రైవరుతోనే రిటైరైంది. మన సంఘంలోని డ్రైవరు సోదరులు తమకు తెలిసినది చెప్పాలి, వారి పిల్లలు రాసిపెట్టాలి. పాత జీపును ఇంకా ఇంట్లో ఉంచుకున్న కుటుంబాలకు అది పనికివస్తుంది. మన ఉద్యోగ చరిత్రకు అంతకంటే ఎక్కువగా పనికివస్తుంది.